రెండు కుడిచేతుల గిటారు

“మామ్మగారూ, జాకెట్లు కుట్టే మీకు ఈ గిటార్ల పని ఎలా వచ్చిందండి?”

ఎలా వచ్చిందంటే ఏం చెప్పనమ్మా. వచ్చింది. నేర్చుకుందామని ఎవరనుకున్నారు. కూర్చో ముందు. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుద్ది, ఇటు కూర్చో. నీ గిటారు ఇప్పుడప్పుడే అవదు. తీగ చుట్టడం అయ్యాక మైనంలో ముంచాలి, ఆ మైనం గట్టిపడాలి, అప్పుడు గానీ బిగించను. తెనాలి పాసింజరు సాయంత్రం దాకా లేదుగా నీకు. ఇంకేం మరి. మజ్జిగ తాగుతావా? సరే, తర్వాత తాగు.

ఈ పని నాది కాదు, మా ఆయనది. అదిగో, వరండాలో మడతకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడే, ఆయనే. నిద్రనుకునేవు, నిద్ర కాదు. వింటున్నాడు. నేను ఎక్కడన్నా తప్పు చెబితే దగ్గుతాడు, చూస్తూ ఉండు.

ఆయన అసలు పని మోటారు వైండింగు. పొలాల్లో పంపుసెట్లు ఉంటాయి చూడు, వాటి మోటార్లు కాలిపోతే లోపలున్న రాగితీగ అంతా లాగేసి కొత్తది చుట్టాలి. ఇక్కడే రేపల్లెలో, స్టేషను రోడ్డులో షాపు ఉండేది. దాళ్వా, అదే రెండో పంట రోజులొస్తే రైతులు మోటార్లు ఎద్దుబళ్ళ మీద, కాదు కాదు, అప్పటికి ఎద్దుబళ్ళు పోయాయి, ట్రాక్టర్ల మీద వేసుకొచ్చి షాపు ముందు వరసగా దించేవాళ్ళు, ధర్మాసుపత్రి ముందు రోగుల్ని కూర్చోబెట్టినట్టు. ఈయన ఒక్కోదాన్నీ చెవి పెట్టి వినేవాడు. మోటారు చెప్పింది వినేవాడు గానీ మనిషి చెప్పింది వినేవాడు కాదు.

నా పుట్టిల్లు కాకుమాను. మా నాన్న బళ్ళో మాస్టారు. పెళ్ళిచూపులకొచ్చినప్పుడు వీళ్ళ నాన్నే మాట్లాడాడు, ఈయన నోరు తెరవలా. మా అమ్మ సంబరపడిపోయింది, కుర్రాడు మర్యాదస్తుడే అని. మా చిన్నాన్నేమో సిగ్గన్నాడు. పెళ్ళయ్యాక తెలిసింది, అది సిగ్గూ కాదు, మర్యాదా కాదు. మనిషి తీరే అంత. కూర బాగుందాండీ అంటే ఊఁ. ఉప్పెక్కువైందా అంటే ఊఁ. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రికొచ్చాడు. పిల్లని చూశాడు, నన్ను చూశాడు, పైన ఫ్యాను వంక చూశాడు. కెపాసిటరు పోయింది అన్నాడు. ఆ రోజుకి అంతే.

దగ్గాడు, విన్నావా. సరే సరే. దాన్ని బాగు చేశాడు కూడా. కుర్చీ ఎక్కి బాగు చేసి వెళ్ళాడు. నిజం చెప్పాలిగా.

ఆదివారం మాత్రం వేరే మనిషి. గుళ్ళో, అంటే మా చర్చిలో, గిటారు వాయించేవాడు. మామూలు గిటారు కాదు, కరెంటు గిటారు, నీ దానిలాంటిదే, ఎర్రది. పెళ్ళికాకముందు బెజవాడలో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండులో కొన్నాడట. ఎంతకి కొన్నాడో ఇప్పటికీ చెప్పలేదు, అంటే ఎక్కువకే కొని ఉంటాడు. ఆ గిటారు మెళ్ళో పడితే పక్కవాళ్ళని చూసి నవ్వేవాడు. తబలా వాయించే ఆయన ఏదన్నా తమాషా చేస్తే తల ఊపేవాడు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని అనుకునేదాన్ని, ఈ నవ్వు ఇంటి దాకా రాదేంటా అని.

నాది కుట్టుమిషను. జాకెట్టు కుట్టుకూలి మూడు రూపాయలున్నప్పటి నుంచీ కుడుతున్నా. ఇప్పుడు ఎంతో నీకు తెలుసుగా, లైనింగు వేస్తే ఇంకా ఎక్కువ. ఆయన షాపు ఆయనది, నా మిషను నాది. రాత్రికి ఇద్దరం ఒక కంచం ముందు... అంటే ఒక కంచం కాదులే, రెండు కంచాల ముందు కూర్చునేవాళ్ళం. ఊఁ అంటే ఊఁ. అలా పాతికేళ్ళు గడిచాయి. పోట్లాటలు కూడా లేవు. పోట్లాడాలన్నా ఇద్దరు మాట్లాడాలిగా.

ఒకరోజు పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. నేను లోపల పప్పు రుబ్బుతున్నా. రేజరు కిందపడ్డ చప్పుడైంది. పడితే తీసుకుంటాడులే అనుకున్నా. ఎంతకీ తీసిన చప్పుడు లేదు. బయటికొచ్చి చూస్తే సగం మొహాన సబ్బు నురగ, ఎడం చెయ్యి వేలాడిపోయి ఉంది. ఆ చేతినే చూసుకుంటున్నాడు, పరాయివాళ్ళ చెయ్యి చూసినట్టు. మూతి ఒక పక్కకి పోయింది.

గుంటూరు తీసుకెళ్ళాం. పక్షవాతం అన్నారు. బతికాడు, అది దేవుడి దయ. కాలు కొంచెం కొంచెంగా వచ్చింది, ఈడుస్తాడు, నువ్వు చూశావుగా. ఎడం చెయ్యి మాత్రం రాలా. ఇప్పటికీ రాలా. మాటేమో ముద్దయిపోయింది. ఒకటి అనబోతే ఇంకోటిలా వినపడేది. రెండుసార్లు ప్రయత్నం చేశాడు, మా పెద్దమ్మాయి ఏంటి నాన్నా, ఏంటి నాన్నా అని అడిగింది. ఆ తర్వాత ఇక ప్రయత్నం కూడా మానేశాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషికి మాట పోతే ఏం పోయినట్టు అనుకుంటావేమో. నేనూ అనుకున్నా. కాదమ్మా. మాట్లాడకపోవడం వేరు, మాట్లాడలేకపోవడం వేరు. మాట్లాడనివాడు ఇంట్లో ఉంటే ఇల్లు నిమ్మళంగా ఉంటుంది. ఇది అలా లేదు.

షాపు మూసేశాం. ఎర్ర గిటారు వైపు వేలు చూపించి, గుడి వైపు చూపించాడు. ఇచ్చెయ్యమని. తీసుకెళ్ళి అయ్యగారి చేతిలో పెట్టా. అయ్యగారంటే మా పాస్టరు గారు. ఎడంచేత్తోనే కదమ్మా తీగలు నొక్కేది, అది లేని మనిషికి గిటారెందుకు. గిటారుతో పాటు గుడి కూడా మానేశాడు. ఆదివారం నేను చీర కట్టుకుని రెడీ అయ్యి నిలబడితే గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. మామూలు రోజుల్లో కూడా గోడ వైపే. ఆయన చుట్టూ ఊడ్చుకుంటూ వెళ్ళేదాన్ని.

మా ఆడబిడ్డ కరుణమ్మ బాపట్లలో ఉంటుంది. ఈయనకి ఒక్కతే చెల్లెలు. చూడ్డానికొచ్చి, నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి అంది, వదినా, అన్నయ్యని నలుగురిలోకి లాక్కురావద్దు, వాయించిన మనిషిని ఊరికే కూర్చోబెట్టి చూస్తే అందరూ అయ్యో అంటారు, ఆ అయ్యో ఆయన భరించలేడు అని. చెడ్డ మనిషి కాదు. ఆమెకి తోచింది అది. నాకూ నిజమే అనిపించింది.

ఏడాది పైన అలా గడిచింది.

అప్పుడు ఏమైందంటే, ఆ ఎర్ర గిటారు మూగపోయింది. గుడి పాటల బృందం, అదే క్వయరులో వాయించే అబ్బాయి దాన్ని తీసుకుని మా ఇంటికొచ్చాడు. తీగల కింద నల్లగా పట్టీ ఉంటుంది చూడు, పికప్పు అంటారు, నీది కూడా పోయింది అదే. దాంట్లో అయస్కాంతాలు, వాటి చుట్టూ రాగితీగ. తలవెంట్రుక కన్నా సన్నం. అది తెగితే గిటారు మోగదు. అంకుల్ మోటార్లు చుట్టేవారు కదా, ఇదీ అంతే కదా అన్నాడా అబ్బాయి, అమాయకంగా. ఈయన గోడ వైపు నుంచి తిరగలా. నేనే తీసుకుని, కుట్టాల్సిన జాకెట్ల పక్కన బల్ల మీద పెట్టా. చూస్తాంలే నాయనా అని పంపించేశా. ఏం చూస్తాం, ఎవరు చూస్తారు, నాకు తెలియదు.

కొన్నాళ్ళు అక్కడే ఉంది. దాని మీద బట్టముక్కలు పడేవి, దులిపేదాన్ని. ఒకరోజు బజారు నుంచి వచ్చేసరికి గిటారు విప్పి ఉంది. ఒంటిచేత్తో విప్పాడు. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, కుడిచేత్తో స్క్రూలు తీశాడు. ఆ పికప్పు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, తర్వాత నా మిషను వంక చూశాడు.

మిషను చక్రం పక్కన బాబిను చుట్టుకోవడానికి చిన్న ఇనపముక్క ఉంటుంది, నీకు తెలుసో తెలీదో. కాలితో తొక్కితే అది గిరగిరా తిరుగుద్ది, దారం చుట్టుకుంటుంది. దానికి ఈ పికప్పు తగిలిస్తే దారం బదులు రాగితీగ చుట్టుకుంటుందని ఆయన ఆలోచన. చుట్టేది ఎవరు? ఒకచెయ్యి తీగ పట్టాలి, ఒకచెయ్యి చక్రం ఆపాలి, కాలు తొక్కాలి. ఆయనకి ఒక చెయ్యి, ఒక కాలు. నాకు అన్నీ ఉన్నాయి, ఈ పని రాదు.

సరే, కూర్చున్నాం. తొక్కితే తెగింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ తెగింది. నేను జాకెట్టు కుట్టే వేగంతో తొక్కుతున్నా మరి, పెళ్ళిళ్ళ సీజన్లో తొక్కినట్టు. ఆయన నా మోకాలి మీద చెయ్యి పెట్టి నొక్కాడు, నెమ్మది అని. పెళ్ళయి పాతికేళ్ళయినా పగటిపూట నా మోకాలి మీద చెయ్యి పెట్టడం అదే మొదలు. ఆయన దగ్గుతాడేమో గానీ నిజం నిజమే.

ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి చెప్పింది అంతకుముందే, మాట్లాడించండి ఆంటీ, సైగలు అర్థమైనా అర్థం కానట్టు ఉండండి అని. ఇప్పుడు పనికొచ్చింది ఆ మాట. ఆయన గడ్డంతో స్క్రూడ్రైవరు చూపిస్తే నేను కత్తెర ఇచ్చేదాన్ని. మళ్ళీ చూపిస్తే ఇంచిటేపు ఇచ్చా. అర్థం కావట్లేదండీ, చెప్పండి అన్నా. మొహం ఎర్రబడింది. మూతి అటూ ఇటూ పోయింది, చెమట పట్టింది. చివరికి ఒక మాట బయటికొచ్చింది. “కాదు.”

చక్కగా, స్పష్టంగా, కాదు అని. మనిషికి పోయిన మాట తిరిగొస్తే మొదట వచ్చేది అదే కాబోలు. ఆ రోజు నుంచి రోజూ చాలా కాదులు విన్నా.

తెగకుండా చుట్టడం వచ్చాక పికప్పు పలికింది. క్వయరు అబ్బాయి బాక్సు తెచ్చి, అదే, ఆంప్లిఫయరు, తగిలించి మీటితే మోగింది.  ఆ సాయంత్రం ఈయన కుర్చీ గోడ వైపు నుంచి మిషను వైపుకి జరుపుకున్నాడు. నేను గమనించనట్టే ఉన్నా.

మర్నాడు ఎర్ర గిటారుని ఇంకా తిరిగి ఇవ్వకుండా నేల మీద పడుకోబెట్టమన్నాడు. కింద జాకెట్లు కత్తిరించే బ్రౌన్ కాగితం వేయించాడు. నా సుద్దముక్కతో చుట్టూ గీత గీయమన్నాడు. గీశా. దేనికండీ అంటే, చాలాసేపటికి చెప్పాడు, కొత్తది చేద్దాం అని. చేద్దాం అన్నాడు, చేస్తా అనలా. నేను కాగితం కత్తిరించి పట్టుకుని నిలబడ్డా. ఇంకేం చెయ్యను.

చెక్క ఎక్కడిదంటే మా అత్తగారి మంచం. మంచి టేకు. ఆవిడ పోయాక అటక మీద ఉండేది, తలవైపు పలక ఒకటి, కాళ్ళవైపు పలక ఒకటి, ఇంత మందం. ఈయన అటక వైపు చూపించాడు. మీ అమ్మ మంచమండీ అన్నా. ఊఁ అన్నాడు. ఆ సంగతి తెలిసి కరుణమ్మ బాపట్ల నుంచి ఫోను చేసింది, అమ్మ మంచం కోయించారా అని. పలకలే కోయించాం, మంచంకోళ్ళు నాలుగూ అలాగే ఉన్నాయని చెప్పా. ఆ తర్వాత చాలాకాలం ఫోను చెయ్యలా.

కోసింది ఆచారి గారు. మన వీధి చివరే ఉంటాడు, తలుపులూ ద్వారబంధాలూ చేస్తాడు. నా కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అక్కయ్యగారూ, ఇది పీటా, పీట అయితే కొమ్ములెందుకు అన్నాడు. గిటారు అన్నా. గిటారుకి బొర్రలో డొల్ల ఉండాలిగా అన్నాడు. దీనికి ఉండదు, కరెంటుతో మోగుద్ది అన్నా. ఆయన నా వంక చూసి, లోపల కూర్చున్న మా ఆయన వంక చూసి, సరే అక్కయ్యగారూ అన్నాడు. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో వాదించడం ఎందుకని ఊరుకున్నట్టున్నాడు. చేసి ఇచ్చాడు. బరువు తలుపంత ఉంది. నున్నగా చేశాడు, అది ఒప్పుకోవాలి, చెయ్యి పెడితే జారిపోయేది.

మెడ మీద అడ్డంగా లోహపు మెట్లుంటాయి చూడు, ఒక్కో స్వరానికి ఒక్కో మెట్టు. వాటి దూరాలు నేను ఇంచిటేపుతో కొలిచా. కొలిచి, గుర్తులు పెట్టి, దిగ్గొట్టించాం. బిగించి మీటితే పిల్లి తోక తొక్కినట్టుంది. జాకెట్టుకి ఒక నూలు అటూ ఇటూ అయితే కుట్లలో సర్దేస్తాం, తొడుక్కున్నవాళ్ళకి కూడా తెలియదు. ఇక్కడ సర్దడం కుదరదు. మెడంతా మళ్ళీ చేయించి, ఈసారి ఎర్ర గిటారు మెడ మీదే కాగితం పరిచి, మెట్టు మెట్టుకీ గోటితో నొక్కి గుర్తు తీసుకున్నాం. అప్పుడు పలికింది.

ఆ గిటారు క్వయరుకే ఇచ్చాం. అది చూసి బాపట్ల నుంచి కాలేజీ పిల్లలొచ్చారు, మాకూ ఒకటి చెయ్యండి అని. తర్వాత తెనాలి. కారంచేడు నుంచి ఒకాయన వచ్చాడు, వాళ్ళ అబ్బాయికట, వాకిట్లో కారు ఆపి లోపలికొచ్చి షాపు ఎక్కడండీ అని అడిగాడు. ఇదేనండీ అన్నా. మిషనూ, బల్లా, ఈయనా, నేనూ. ఆయన కాసేపు నిలబడి, కూర్చున్నాడు. చెక్క ఎవరిది వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు. అలా పని పెరిగింది, నా జాకెట్లు తగ్గాయి. ఇద్దరం పొద్దున టిఫిను కాగానే కూర్చుంటే అన్నం వేళ దాకా లేచేది లేదు. ఆయన కాదు అంటాడు, నేను ఎందుకు కాదు అంటా. ఎందుకో చెప్పాలంటే మాట్లాడాలి. మాట్లాడేవాడు. ముద్దముద్దగానే, కానీ మాట్లాడేవాడు. పెళ్ళయినప్పటి నుంచి విన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఆ ఆరునెలల్లో విన్నవి ఒక ఎత్తు.

గుడికి మాత్రం రాడు. చేసిన గిటార్లు గుళ్ళో మోగుతుంటే ఈయన ఇంట్లో కూర్చునేవాడు.

గిటారు తయారయ్యాక పరీక్ష చెయ్యాలి. బల్ల మీద పడుకోబెడతాం. ఆయన ఒక వైపు కూర్చుని కుడిచేత్తో ఒక్కో మెట్టు నొక్కుతాడు, నేను ఇవతల తీగ మీటుతా. గరగరమంటే ఆ మెట్టు ఆకురాయితో అరగదీస్తాం. మొదటి మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు, అలా వరసగా. విసుగు పని. ఒకరోజు మధ్యాహ్నం అలాగే చేస్తున్నాం. ఆయన వేలు వరస తప్పింది. ముందుకెళ్ళింది, వెనక్కొచ్చింది. నేను పట్టించుకోకుండా మీటుతున్నా, సాయంత్రం కూర ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూ. కాసేపటికి నా చెవిన పడింది. ఇది కీర్తన. మా పెళ్ళిలో పాడిన కీర్తన. ఆయన నొక్కుతున్నాడు, నేను మీటుతున్నా, కీర్తన వస్తోంది.

ఆగిపోయా. ఆయన తలెత్తలా. వేలు మెట్టు మీదే ఉంది, నేను మీటడం కోసం చూస్తోంది. “ఆపావేం?” అన్నాడు.

మీటా. చివరిదాకా వచ్చింది, తప్పులతో.  లేచి వంకాయ కూర చేశా.

తర్వాతేమైందని అడుగుతావేంటి, చెబుతున్నాగా. మర్నాడు ఆయన నా కాగితం తీసుకుని బోర్లా తిప్పి పెట్టాడు. అంటే తిరగేసిన గిటారు. మామూలుగా ఎడంచేత్తో నొక్కి కుడిచేత్తో మీటుతారు. తిరగేస్తే ఆయన కుడిచేత్తో నొక్కుతాడు. ఆయన ఎడం పక్కన నేను కూర్చుంటే నా కుడిచెయ్యి సరిగ్గా తీగల మీదికొస్తుంది. బల్ల మీద పడుకోబెట్టక్కర్లేదు, ఒళ్ళో పెట్టుకోవచ్చు. కాగితం ఆచారి గారికి తీసుకెళ్ళి, ఈసారి ఇలా తిరగేసి కొయ్యండి అని రెండుసార్లు చెప్పి వచ్చా. మంచం కాళ్ళవైపు పలక మిగిలి ఉందిగా, అది ఇచ్చా.

కోసుకుని తెచ్చాడు. చూస్తే మామూలుగానే ఉంది, ఎప్పటిలాగే. ఏంటండీ ఇది అన్నా. మీరు కాగితం పొరపాటున తిరగేశారక్కయ్యగారూ, నేను సరిచేసి కోశా అన్నాడు, సంతోషంగా.  ఇంకో పలక లేదు. పొరపాటు కాదు మహాప్రభో, కావాలనే అన్నా. కావాలని ఎవరైనా తిరగేస్తారా అన్నాడు. ఆయనకీ బాధే, నాకూ బాధే, వాకిట్లో నిలబడి చాలాసేపు అనుకున్నాం, చెక్క ఎక్కడ దొరుకుద్ది, తెనాలిలో దొరుకుద్దా, ఎంతవుద్ది అని. మా ఆయన లోపలి నుంచి కర్ర పట్టుకుని మెల్లిగా వచ్చాడు. ఆ చెక్క మా ఇద్దరి మధ్యా అరుగు మీదే ఉంది. ఇంకా గుంటలు తవ్వలేదు, అంచులు తియ్యలేదు, చుట్టూ కోసిందొక్కటే. కుడిచేత్తో దాన్ని పట్టుకుని బోర్లా తిప్పాడు. తిప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

తిప్పితే తిరగేసిందే.  ఆచారి గారు మజ్జిగ తాగి వెళ్ళాడు.

అది తయారయ్యాక అసలు కష్టం మొదలైంది. నాకు తాళం రాదమ్మా. చిన్నప్పుడు కాకుమాను బళ్ళో పాట మాస్టారు నన్ను పిలిచి, నువ్వు పెదాలు కదుపు చాలు అన్నాడు. అప్పటి నుంచీ గుళ్ళో పెదాలే కదుపుతున్నా. అలాంటి దాన్ని తాళం పట్టుకోమంటే ఏం పట్టుకుంటా. మీటితే ముందు పడేది, లేకపోతే వెనక. ఈయన “కాదు, కాదు.” చివరికి నాకే తోచింది. కుర్చీలో కూర్చుని మిషను తొక్కుతున్నట్టు పాదం ఆడించా. కాలు తాళం తప్పదు, దానికి ముప్ఫై ఏళ్ళ అలవాటు. పాదాన్ని బట్టి చెయ్యి. అలా కుదిరింది, కుదరాల్సినంత.

అయ్యగారు ఇంటి ప్రార్థనకి వచ్చి గుమ్మంలోనే విన్నాడు. లోపలికి రాకుండా పాట అయ్యేదాకా చెప్పులతో నిలబడ్డాడు. కోతపండుగకి గుళ్ళో వాయిస్తారా అని అడిగాడు. ఈయన తల అడ్డంగా ఊపాడు. అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళాడు. నాకు కరుణమ్మ మాట గుర్తుంది, నలుగురూ అయ్యో అంటారని. నేనూ బలవంతపెట్టలా. కానీ పండుగ ముందు శనివారం ఆయనే, తెల్లచొక్కా ఇస్త్రీ చేశావా అని అడిగాడు. మాట ముద్దగానే ఉంది. చేశా అన్నా. చెయ్యలేదు, అప్పుడు చేశా.

కోతపండుగ చూశావుగా ఎప్పుడన్నా. పండింది, కాసింది, కోడో గుడ్లో తెచ్చి గుళ్ళో పెడతాం, ఆరాధన అయ్యాక వేలం పాడతారు. మా బెంచీ పక్కనే గుమ్మడికాయలు, అరటిగెల, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు. గుడి నిండా జనం. బాపట్ల నుంచి కరుణమ్మ కూడా వచ్చింది, ఎవరు చెప్పారో. ఆచారి గారు మా మతం కాదు, అయినా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, తను కోసిన చెక్క ఎలా పలుకుద్దో చూద్దామని.

మొదటి చరణం బాగానే వచ్చింది. రెండోది కూడా. జనం పాడుతున్నారు, నేను పాదం వంక చూసుకుంటూ మీటుతున్నా. మూడో చరణంలో తలెత్తా, ఎందుకెత్తానో. ఎదురుగా కరుణమ్మ, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఉంది. ఏడుస్తోందో, సిగ్గుపడుతోందో తెలియలా. నా పాదం పరుగెత్తింది. చెయ్యి దాని వెనక పరుగెత్తింది. ఆయన వేళ్ళు ఎత్తేశాడు. గిటారు ఆగిపోయింది. గుడి గుడంతా పాడుతూనే ఉంది, మేమిద్దరం ఊరికే కూర్చున్నాం, నలుగురి మధ్యలో. ఏం జరగకూడదనుకున్నానో అదే జరిగింది.  ఇక లేచి వెళ్ళిపోదామా అనుకున్నా.

అప్పుడు నా పాదం మీద ఏదో తగిలింది. ఆయన ఎడంకాలు. ఈడ్చేకాలు, సగం చచ్చిన కాలు. అది నా పాదం మీద పెట్టి నొక్కాడు. వదిలాడు. మళ్ళీ నొక్కాడు. పాట ఎక్కడుందో ఆ కాలు నాకు చెప్పింది. నాలుగో చరణం మొదట్లో ఇద్దరం కలిసి అందుకున్నాం. చివరిదాకా ఆ కాలు తియ్యలా. బరువుగానే ఉంది, నేను తియ్యమనలా.

పాట అయింది. అందరూ స్తోత్రం అన్నారు. అయ్యో అని ఎవరూ అనలేదు, అన్నా నాకు వినపడలేదు. ఈయన నా వైపు ఒంగి ఒక మాట అన్నాడు.

“తొందరపడ్డావు.”

ముద్దగా కాదమ్మా. అక్షరం అక్షరం విడిగా, జబ్బు రాకముందు మాట్లాడినట్టు. గుళ్ళో అంతమందిలో నేను మొహం దాచుకోవాల్సి వచ్చింది. గుమ్మడికాయల వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నా. తర్వాత కోపం వచ్చింది, మరి ముందే చెప్పొచ్చుగా అన్నా. చెప్పాగా అన్నాడు. నవ్వాడు. గిటారు మెళ్ళో ఉన్నప్పుడు తబలా ఆయన్ని చూసి నవ్వేవాడని చెప్పానే, అలా నవ్వాడు, నన్ను చూసి.

వేలం జరుగుతుంటే కరుణమ్మ వచ్చింది మా దగ్గరికి. ఏమంటుందో అని చూశా. గిటారు అంచు మీద చెయ్యి పెట్టి, ఇది అమ్మ మంచమా అంది. కాళ్ళవైపు అన్నా. చాలాసేపు నిమురుతూ నిలబడింది. ఆ తర్వాత ఒక గుమ్మడికాయ పాడుకుని, మాకే ఇచ్చి బస్సెక్కింది.

అప్పటి నుంచీ నెలలో ఒక ఆదివారం మేమే వాయిస్తాం. ఆ చెయ్యి రాలేదు, రాదు కూడా. కానీ మాట వచ్చింది, బాగానే వచ్చింది. కూరలో ఉప్పెక్కువైతే ఎంత ఎక్కువైందో చెబుతాడు. మిషను చప్పుడు చేస్తుందంటాడు, నా తాళం గురించి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు, నీకు ఇంకా చెప్పలేదంటే కళ్ళు మూసుకుని ఉన్నాడు కాబట్టి. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ పాతికేళ్ళూ ఎంత నిమ్మళంగా ఉండేదో అని. మళ్ళీ అనిపిస్తుంది, ఏం నిమ్మళంలే అని. ఏదో ఒకటి అనిపిస్తూ ఉంటుంది...

ఇదిగో, మైనం గట్టిపడింది. ఇటు పట్టుకో, బిగిద్దాం. వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడుచుకో, మన వైపు గాలికి ఉప్పుంటుంది, తుప్పు పట్టుద్ది. దగ్గరికి రా, తల వంచు. దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి తల్లీ. రెండు చేతులూ.